హెండర్సన్ పెరట్లో గంగవాయిలి

పెరటిచెట్టు మందుకు పనికిరాదన్నారు మన పెద్దలు. హెండర్సన్‌లో స్థిరపడిన మన కుటుంబాలను చూస్తే పెరటిమొక్క కూరకు కూడా పనికిరాదని తీర్మానించుకున్నట్లు వుంది. డిసెంబరు, జనవరి నెలల్లో, అంటే యిక్కడి నడివేసవిలో, శనివారం పొద్దున నడుము విరిగేటట్లు కలుపు పీకి పారవేస్తాము. ఆ మధ్యాహ్నమే మన సరుకుల దుకాణానికి కారు వేసుకొని వెళ్ళి, వాడిపోయిన తోటకూర కట్ట ఒకటి కొని తెచ్చుకుంటాము. మేమూ చాలా యేళ్ళు అదే చేశాము గనుక యెవరినీ ఆక్షేపించే హక్కు మాకు లేదు.

మా కళ్ళు తెరిపించినది జహీరాబాదు దగ్గరి పల్లెనుండి మమ్మల్ని చూడవచ్చిన మా అత్తమ్మ. వచ్చిన రెండోనాడే టమాటా మడి పక్కన చతికిలబడి, "గింత గంగవాయిలి కూర ఇంటెన్క వెట్టుకొని పాలకూర కొనుక్కస్తున్నరా?" అన్నది. నేలమీద పాకే ఎర్రటి కాడ, చిన్నచిన్న దళసరి ఆకు. కోస్తావారు పావిలికూర అంటారు. కాడ తుంచి చూడమన్నది. నీరు వస్తే గంగవాయిలి, పాలు కారితే నానుబాల జాతి, దాన్ని ముట్టవద్దు. ఆ పూటే కందిపప్పులో వేసింది. ఆకులోనే పులుపు వుంది కాబట్టి చింతపండు సగానికి తగ్గించి, పచ్చిమిర్చి, వెల్లుల్లి పోపు పెట్టింది. పిల్లలు మారు వడ్డించుకున్నారు. మన సంఘంలో వైద్యులు చాలామంది వున్నారు గనుక ఒక మాట: యీ ఆకులో చేపనూనెలో వుండే తరహా ఒమేగా-3 కొవ్వులు వున్నాయని 1986లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. మా అత్తమ్మ ఆ సంగతి విని, "మంచిగ ఉంటదని తింటం" అని వూరుకుంది. ఆక్సలేటు కూడా యెక్కువే కాబట్టి మూత్రపిండాల్లో రాళ్ళున్నవారు దీనికి దూరంగా వుండడం మంచిది.

ఆ వారంలో మా పెరట్లో యింకా యేమేమి దొరికాయో చెబితే నవ్వుతారు. కంచె పక్కన చిలకతోటకూర. ఎరువు కుప్ప దగ్గర చక్రవర్తికూర. దీన్ని యిక్కడివారు ఫ్యాట్ హెన్, అంటే బలిసిన కోడిపెట్ట, అంటారు. మనం చక్రవర్తిని చేస్తే వీరు కోడిని చేశారు! గరిక సంగతి మరీ తమాషా. పచ్చికలో పడితే వదలని ఆ గడ్డికి న్యూజీలాండులో ఇండియన్ దోఆబ్ అని పేరు. రెండు నదుల నడిమి నేలను దోఆబ్ అంటారు గదా. వినాయకుడి పూజకు గరిక కావాలని మనం వెతుక్కుంటుంటే, యీ దేశం దానికి మన దేశం పేరే పెట్టి మందు చల్లి చంపుతోంది.

యివన్నీ మనకు యెందుకు తెలియకుండా పోయాయి? మా ఆలోచనకు తోచిన జవాబు అంత గౌరవంగా లేదు. యివి పేదవాళ్ళ కూరలు. అప్పటి మెదక్ జిల్లా, యిప్పటి సంగారెడ్డి జిల్లా మెట్టపొలాల్లో కలుపు తీసేది కూలికి వచ్చిన ఆడవాళ్ళు. తీసిన కలుపులో తినేదంతా ఒడిలో వేసుకొని యింటికి తీసుకుపోయేవారు. చెంచలి, గునుగు, తుమ్మి, ఎలుకచెవుల కూర, దొగ్గలి, సన్నవాయిలి: యే రోజు యేది దొరికితే ఆ రోజు అదే కూర. విత్తింది దొర పంట, విత్తనిది కూలిమనిషి పంట. 1876-78 కరువులోనూ అంతకు ముందరి కరువుల్లోనూ జనం ప్రాణాలు నిలుపుకోవడానికి వెతుక్కున్నది యిటువంటి ఆకులనూ దుంపలనూ. భూమి వున్నవారి యిళ్ళల్లో వీటిలో కొన్ని మాత్రం పండుగ ముసుగులో నిలిచాయి. తెలంగాణలో వినాయకచవితి నాడు తుమ్మికూర వండుతారు, బతుకమ్మకు గునుగు పూలు పేరుస్తారు. మిగిలినవాటి పేర్లు మన చదువులతోపాటే జారిపోయాయి. చదువుకొని పట్నం చేరినవాడు గునుగాకు తిన్నానని చెప్పుకోడు గదా.

ఆ జ్ఞానాన్ని జ్ఞానమని ముందుగా గుర్తించిన వారిలో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ వారిని చెప్పుకోవాలి. జహీరాబాదు పక్క పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే యీ సంస్థలో దళిత మహిళల సంఘాలదే ముఖ్యపాత్ర. సాగు చేయకుండా దొరికే ఆకుకూరలను డజన్లకొద్దీ పేరుపేరునా లెక్కకు తెచ్చింది ఆ మహిళలే. కలుపుమందు కొట్టిన పొలంలో పంట మిగలవచ్చు గాని కూర మిగలదని వారు చెబితేగాని చాలామందికి తట్టలేదు.

హెండర్సన్ మట్టికి కూడా యీ కథ కొత్త కాదు. కౌరి చెట్లు కొట్టడానికి థామస్ హెండర్సన్ రంపపు మిల్లు పెట్టిన చోటు యిది. అడవి పోయాక జిగురు తవ్వకాలకు డాల్మేషియా తీరం నుండి జనం వచ్చారు; జిగురు తగ్గాక ద్రాక్షతోటలు వేశారు. లెబనాన్ నుండి 1892లో వచ్చిన అస్సిద్ అబ్రహాం కార్బన్ 1902లో యిక్కడ భూమి కొని ద్రాక్ష నాటాడు. ఆయన ద్రాక్షసారా గిడ్డంగుల స్థలంలో నేడు కళాకేంద్రం నడుస్తోంది. మనలో కొందరి పిల్లలు బొమ్మలు వేయడం నేర్చుకునేది అక్కడే. లెబనాను వారు ఫత్తూష్ అనే పచ్చికూరలో వేసుకునే బఖ్లే మన గంగవాయిలే. డాల్మేషియాలో అడవి ఆకులు వుడికించి ఆలివు నూనెతో తింటారు. అందులో కోస్త్రిచ్ అనేది ఒకటి. ఆ కోస్త్రిచ్చే మావోరీలు పూహా అని పిలిచే మొక్క. ఆకును నీళ్ళలో బాగా పులిమి చేదుపాలు పోగొట్టి, పంది యెముకలతో వుడికిస్తారు. మన పెరటి గోడవారన పసుపు పూలతో లేచి, మనం పీకి పారవేసే ముళ్ళమొక్క అదే. మేము పంది తినము గనుక పెసరపప్పులో వేసి చూశాము. ఫరవాలేదు, మెంతికూర లేని లోటు తీరింది.

యింతవరకు సరదాగానే వుంది. యిక అసలు విషయం.

కిందటి ఉగాది కలయికలో మేము ముగ్గురికి పొన్నగంటి కొమ్మలు పంచాము. మాకు వేరొక స్నేహితులు యిచ్చినదే. పోయిన కంటిచూపు తెస్తుందని పేరుపొందిన కూర; మనవారికి దానిమీద వున్న మక్కువ తెలిసిందే. తొట్టిలో నీళ్ళు పోస్తే విపరీతంగా పెరిగింది, మేము పప్పులో వేసుకొని తిన్నాము కూడా. డిసెంబరులో అది పూసింది. మా అత్తమ్మ ఒక రెమ్మ తుంచి అటూ యిటూ తిప్పి చూసి, "గిది పొన్నగంటి గాదు బిడ్డా. పొన్నగంటి పువ్వు కణుపుకే అతుక్కొని ఉంటది, దీనికి కాడెందుకున్నది?" అన్నది. కాండం విరిచి చూపింది, లోపల బోలు.

అది యెలిగేటర్ వీడ్. పొన్నగంటికి దాయాది, పుట్టిల్లు దక్షిణ అమెరికా. ఓడల అడుగున బరువుకు వేసే మట్టితో వచ్చి 1906లోనే నార్త్‌లాండ్‌లో కనిపించింది. యీ దేశంలో విత్తనం కట్టదు. వేలెడు ముక్క చాలు, వాగులో పడితే వాగంతా కప్పేస్తుంది. 1980ల మొదట్లో దాన్ని తినే పురుగును తెచ్చి వదిలారు గాని, అది నీటిలో వున్నదాన్ని తింటుంది, గట్టుమీది దాన్ని పెద్దగా ముట్టదు. హెండర్సన్‌లో ఓపానుకు, ఒరాటియా వాగులు కలిసి సముద్రపు పాయలోకి పోతాయి. మన పెరళ్ళు చాలావరకు వాటి వాలులోనే వున్నాయి. యిదే పొరపాటు ఆస్ట్రేలియాలో శ్రీలంక కుటుంబాలకు జరిగింది. తమ ముకునువెన్న, అంటే పొన్నగంటే, అనుకొని యేళ్ళతరబడి పెరళ్ళలో పెంచుకున్నారు; 1990లలో బయటపడింది. విక్టోరియా అధికారులు వారిని దండించకుండా, దాని బదులు అక్కడి స్థానిక జాతి మొక్కను యిచ్చి పెంచుకోమన్నారు. మాకు అది మర్యాదైన పద్ధతి అనిపించింది. న్యూజీలాండుకు కూడా నహూయి అనే స్వంత పొన్నగంటి జాతి వుంది. 2009లో దానికి వేరే శాస్త్రనామం పెట్టేదాకా వృక్షశాస్త్రజ్ఞులు దాన్ని మన పొన్నగంటిగానే లెక్కించారు. పండితులే అంతకాలం పొరబడ్డారు కాబట్టి మేము సిగ్గుపడడం కొంత తగ్గించుకున్నాము.

ఆక్లాండ్ కౌన్సిలుకు ఫోను చేస్తే మనిషి వచ్చి తొట్టితో సహా తీసుకుపోయాడు. కోప్పడలేదు. దాన్ని పెంచడం, పంచడం రెండూ నిషిద్ధమని, పీకి ఎరువు కుప్పలో గాని చెత్తడబ్బాలో గాని వేయవద్దని, తవ్వకుండా ముందు తమకు చెప్పమని అన్నాడు.

మేము యిచ్చిన మూడు కొమ్మల్లో రెండు దొరికాయి. మూడోది తీసుకున్నవారు దాన్ని యింకొకరికి యిచ్చారట. ఆ యింకొకరెవరో వారికి గుర్తులేదు. తెల్లటి గుండుపువ్వు పొడుగాటి కాడ మీద నిలబడిన "పొన్నగంటి" మీ పెరట్లో వుంటే దయచేసి మాకు కబురు చేయండి. బదులుగా గంగవాయిలి నారు మేము తెచ్చి యిస్తాము. యీ వేసవిలో దానికి కొదవ లేదు.