100 మీటర్ల తంటా

ఎంత దూరం పోయామన్నదొక్కటే లెక్కగా ఉండే ఆటలకు పెద్ద కథ అక్కర్లేదు. 2004లో ఆస్ట్రియాకు చెందిన క్రిస్ హిల్గర్ట్ చేసిన యెటిస్పోర్ట్స్ అలాంటిదే. హిమమానవుడు కర్రతో పెంగ్విన్‌ను కొడతాడు. అది ఎగిరి, మంచు మీద జారి, ఎక్కడ ఆగితే అదే మన మార్కు. అంతే!

నాకు మాత్రం 2008 నాటి క్వాప్ ఎక్కువ ఇష్టం. దాన్ని చేసిన బెనెట్ ఫాడీ తత్వశాస్త్రం చదువుకున్న ఆస్ట్రేలియా ఆయన. ఒలింపిక్స్‌లో 100 మీటర్లు పరుగెత్తాలి. క్యూ, డబ్ల్యూ మీటలతో తొడలు కదులుతాయి, ఓ, పీ మీటలతో పిక్కలు. మామూలుగా నడిచేటప్పుడు ఏ కండరం ఎప్పుడు లాగాలో మనం ఆలోచించం కదా, ఇక్కడ అన్నీ మనమే చెప్పాలి. బరువు ముందుకు వాలితే మూతి పగులుతుంది, వెనక్కి వాలితే వీపు. చాలామంది మోకాలి మీద దేకుతూ పోతారు. అలా దేకినా 50 మీటర్ల దగ్గర ఒక హర్డిల్ అడ్డం! పోయినసారి కంటే ఒక్క మీటరు ఎక్కువ పోతే చాలు, సంబరమే. (పరీక్షల ముందు మొదలుపెట్టకండి.)

మా తాతయ్య వాళ్లు బిళ్ళంగోడులో బిళ్ళ ఎంత దూరం పడిందో కర్రతోనే కొలిచేవారట. ఆ ఆటకు కర్రముక్కలు దొరికితే చాలు. ఈ ఆటలేమో ఫ్లాష్ మీద నడిచేవి. అడోబీ సంస్థ 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌ను ఆపేసింది, వేలకొద్దీ ఆటలు బ్రౌజర్లలో తెరుచుకోకుండా పోయాయి. క్వాప్‌ను ఫ్లాష్ లేకుండా నడిచేలా మార్చారు కాబట్టి ఇంకా ఆడుతున్నాం. మిగతావాటిని ఫ్లాష్‌పాయింట్ అనే పేరుతో కొందరు స్వచ్ఛందంగా ఏరి దాచిపెడుతున్నారు, ఎవరూ పట్టించుకోని పిచ్చి ఆటలతో సహా.