గ్రిస్‌వోల్డ్ స్కిల్లెట్

అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఈరీ నగరంలో తయారైన, పిడి ఉన్న పోత ఇనుప పెనం. దీన్ని తయారుచేసిన గ్రిస్‌వోల్డ్ సంస్థ 1865లో మొదలైంది; దాని ఈరీ కర్మాగారం 1957లో మూతపడింది. అమెరికన్ కుటుంబాల్లో తరతరాలుగా చేతులు మారుతూ వచ్చిన వంటపాత్రల్లో ఈ పెనం ఒకటి.

ఆనవాళ్లు: పెనాన్ని బోర్లిస్తే తయారీదారు ముద్ర కనిపిస్తుంది. తొలినాటి వాటిపై ‘ఈరీ’ అన్న ఊరి పేరే ఉంటుంది. తరవాతి వాటిపై వలయంలో శిలువ, దాని మధ్య సంస్థ పేరు ఉంటాయి. పేరు వాలు అక్షరాల్లో ఉంటే దాదాపు 1906–1916 నాటిది. నిటారు అక్షరాల పెద్ద ముద్ర 1920–1940 ప్రాంతానిది. చిన్న ముద్ర ఆ తరవాతిది.

అంకెలు: పెనంపై ఉన్న ‘8’ అంటే అంగుళాలు కాదు, పాతకాలపు పొయ్యి కన్ను సైజు. 8వ నంబరు పెనంపై కనిపించే ‘704’ అచ్చు సంఖ్య.

ఇతర తయారీలు: పేరు లేకుండా, అడుగు గట్టులో మూడు గాట్లుంటే అది చాలావరకు టెనెసీకి చెందిన లాడ్జ్ పాత పెనం. అడుగున అడ్డంగా పొడవాటి పోత గీత ఉంటే సాధారణంగా 19వ శతాబ్దపుది.

నకిలీలు: అక్షరాలు మసకగా, లోపలి ముఖం గరుకుగా ఉంటాయి. అసలు పెనం లోపల సానపట్టినట్టు నున్నగా ఉంటుంది.

జాగ్రత్త: పాత పెనాల్లో కొన్నింటిని సీసం కరిగించడానికి వాడారు. చరిత్ర తెలియని పెనాన్ని సీసం పరీక్ష చేశాకే వంటకు వాడాలి.