గుదాంగ్, గోదాం, గిడ్డంగి

హైటెక్ సిటీలో పనిచేసే మన యువకుల నోట తరచు వినబడే మాటల్లో 'డేటా వేర్‌హౌస్' ఒకటి. ఒక సంస్థ సమాచారాన్నంతా ఒకచోట పోగుచేసి, క్రమంలో పెట్టి ఉంచే ఏర్పాటుకు అది పేరు. దానినే ఇండొనేషియావారు 'గుదాంగ్ దాతా' అంటారు. గుదాంగ్ అంటే సరుకు దాచే కొట్టు. మలయ్ భాషలోనూ, ఇండొనేషియా భాషలోనూ అది నిత్యవ్యవహారంలోని మాట. దీనికి బంధువని పండితులు చెప్పే 'గెదుంగ్' పెద్ద కట్టడాన్ని సూచిస్తుంది. 1955లో ఆసియా, ఆఫ్రికా దేశాల మహాసభ జరిగిన బాండుంగ్ భవనం పేరు 'గెదుంగ్ మెర్దెకా', అనగా స్వాతంత్ర్య భవనం.

ఈ గుదాంగ్‌కు మూలం మన గిడ్డంగి అని నిఘంటుకారులు చాలాకాలంగా చెబుతూ వస్తున్నారు. తమిళంలో దీనికి 'కిడంగు' ఉంది. 'కిడ' అంటే పడి ఉండటం. సరుకు పడి ఉండే చోటు కిడంగు. ఆ క్రియ తమిళంలో నేటికీ సజీవం, తెలుగులో వాడుకలో లేదు. అయితే మలయ్ మాట 'క'తో కాక 'గ'తో మొదలవుతుంది గనుక ఆ అక్షరం తెలుగు పక్షాన సాక్ష్యం పలుకుతుంది. మొదటి అచ్చు 'ఇ' కాక 'ఉ' ఎందుకైనదో మాత్రం రెండు భాషలూ చెప్పవు. కాబట్టి ఇచ్చినవారం మేమేనని తెలుగువారు ఢంకా బజాయించడం తొందరపాటే.

మనవారిలో మరొక తొందరపాటు ఉంది. మచిలీపట్నం నుండి అచెహ్ సుల్తానుల రేవుకు అద్దకపు బట్టలు చేరవేసిన ముస్లిం వర్తకులే ఈ మాటను వెంట తీసుకుపోయారని అనుకోవడం ఇంపుగానే ఉంటుంది. ఆ వర్తకంతో వర్ధిల్లిన గోల్కొండ, హైటెక్ సిటీకి కొద్ది మైళ్ళ దూరంలోనే ఉంది కూడాను. కాని తేదీలు ఒప్పుకోవు. పోర్చుగీసువారు మలక్కాను 1511లో (హిజ్రీ 917) ఆక్రమించారు. ఆ నగర వర్తకుల కొట్లను వారి చరిత్రకారులు 'గుదావ్' అనే పేరుతోనే వర్ణించారు. తాటాకు ఇళ్ళ ఊరిలో నిప్పుకు భయపడి కట్టుకున్న గట్టి కొట్లవి. సుల్తాన్ కులీ గోల్కొండలో స్వతంత్రుడైనది 1518లో. అంటే కుతుబ్ షాహీల పాలనకు ముందే ఈ మాట సముద్రం దాటి ఉండాలి. మోటుపల్లి రేవులో పరదేశి వర్తకులకు కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయశాసనం 1244 నాటిది. సుమత్రాలోని బారూస్ దగ్గర దొరికిన తమిళ వర్తక శ్రేణి శాసనం 1088 నాటిది. వెతకవలసినది ఆ శతాబ్దాలలో.

పోర్చుగీసు నోట గుదావ్ అయిన ఆ మాటే ఇంగ్లీషులో గోడౌన్, ఉర్దూలో గోదాం అయి మన ఇంటికి తిరిగి వచ్చింది. ఒకసారి నా అనువాదంలోని 'గోదాం'ను ఒక సంపాదకుడు 'తురక మాట' అని కొట్టివేసి, పైన 'గిడ్డంగి' అని దిద్దాడు. పరాయిదని గెంటినదీ, సొంతమని కూర్చోబెట్టినదీ ఒక్క మాటేనని పాపం ఆయనకు తెలియదు!

అయినా ఆ దిద్దుబాటు వల్ల నాకు ఒక మేలు జరిగింది. యూసుఫ్ సూరా 55వ ఆయతులో హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు రాజును కోరినది 'ఖజాయిన్'ల బాధ్యత. దీనిని 'ఖజానాలు' అని తెలుగు చేస్తే చదువరికి వెండి బంగారాలే తోస్తాయి. అదే సూరాలో కాస్త ముందున్న 47, 48 ఆయతులలో ఏడేళ్ళ పంట, ఆ తరువాత ఏడేళ్ళ కరువు ప్రస్తావన ఉంది. ఆయన కాపాడవలసి వచ్చినది ధాన్యం. నా ప్రతిలో 'ఖజానాలు' కొట్టివేసి 'గిడ్డంగులు' అని రాసుకున్నాను.