నాయకుడు: కత్తి నుంచి ఫ్లెక్సీ దాకా
జనగామ బస్టాండు దగ్గర పుట్టినరోజు ఫ్లెక్సీ ఒకటి కనబడింది. 'యువ నాయకుడు' అట! వెనక దండు లేదు, కూలింగ్ గ్లాసులు పెట్టుకున్న నలుగురు దోస్తులు తప్ప. నాయకుడు అన్న మాటకు మూలమైన సంస్కృత ధాతువు 'నీ' అంటే తీసుకుపోవడం. నేత, నేత్రం, నీతి, వినయం దాని సంతానమే. కాకతీయుల కాలంలో నాయకుడంటే ఊళ్ల రాబడి తిని, రాజు పిలిస్తే సైన్యంతో కదలాల్సినవాడు. ఆ ఏర్పాటే నాయంకరం. ఏలికకు ప్రాణమిచ్చే బంటు లెంక. జపాన్ సమురాయ్‌కి చుట్టంలాంటివాడు. అక్కడి షోగున్ కూడా మాటవరసకు సేనాధిపతే. 1192లో మినమోతో యొరితొమో ఆ బిరుదు అందుకున్నాక, చక్రవర్తి పేరుకు మిగిలాడు, పెత్తనం కత్తిదైంది. మన దగ్గర 1323లో ఓరుగల్లు పడిపోయిన కొన్నేళ్లకు ముసునూరి కాపయ నాయకుడు దాన్ని తిరిగి గెలిచి ఏలాడు. పేరులో 'నాయకుడు' అలాగే ఉంది. మహబూబాబాద్ తండాల్లో పెద్దమనిషి నాయక్. పటాలంలో సిపాయికి రెండు మెట్లు పైవాడూ నాయక్. సినిమాలో పాటకు చిందేసేవాడు కథానాయకుడు. అందరికీ వెనక ఎవరో ఒకరు నడుస్తారు. ఫ్లెక్సీ నాయకుడి వెనక మాత్రం కరెంటు స్తంభం.