డ్రైవ్-ఇన్ థియేటర్ల చరిత్ర: రూపకల్పన, లాభనష్టాలు

లక్ష్యాలు

ఈ వ్యాసం చదివిన తర్వాత మీరు డ్రైవ్-ఇన్ థియేటర్ రూపకల్పనలోని ముఖ్యాంశాలను వివరించగలుగుతారు. దాని లాభం దేనిపై ఆధారపడిందో, ఎందుకు తగ్గిపోయిందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

టూరింగ్ టాకీస్‌లో నేల టికెట్టు కొని సినిమాలు చూసిన తరం నాది. కలెక్షన్లు పడిపోతే యజమాని డేరా విప్పి, సామాను బండికెక్కించి మరో ఊరికి తరలిపోయేవాడు. స్థలంతో అతని బంధం కొన్ని నెలలే. దాదాపు అదే కాలంలో అమెరికాలో విస్తరించిన మరో రకం ఆరుబయటి సినిమాకు ఆ వెసులుబాటు లేదు. ప్రేక్షకులు కారులోనే కూర్చుని సినిమా చూసే డ్రైవ్-ఇన్ థియేటర్‌కు విశాలమైన స్థలమే ప్రధాన పెట్టుబడి. దాని ఎదుగుదలకూ పతనానికీ ఆ స్థలమే ముఖ్య కారణమని మీరు ఈ వ్యాసంలో గమనిస్తారు.

2. ఆవిష్కరణ

న్యూజెర్సీ రాష్ట్రంలోని కామ్‌డెన్‌కు చెందిన రిచర్డ్ హాలింగ్స్‌హెడ్ తన ఇంటి ఆవరణలోనే ప్రయోగాలు చేశాడు. కారు బానెట్‌పై ప్రొజెక్టరు పెట్టి, చెట్లకు తెర కట్టి, తెర వెనుక రేడియో ఉంచాడు. వాన పడితే ఎలా కనిపిస్తుందో చూడటానికి పచ్చికకు నీళ్లు చల్లే సాధనంతో కారును తడిపాడు. ముందు కారు వెనుకవారికి అడ్డు రావడం అసలు సమస్య. చక్రాల కింద దిమ్మలు పెట్టి చూసి పరిష్కారం కనుక్కున్నాడు. ప్రతి వరుసలోనూ నేలను వాలుగా మలిస్తే కారు ముందు భాగం పైకి లేచి తెర కనిపిస్తుంది.

ఈ ఏర్పాటుకు 1933 మే 16న పేటెంటు లభించింది. జూన్ 6న కామ్‌డెన్ దగ్గర తొలి థియేటర్ ప్రారంభమైంది. ప్రవేశ రుసుము కారుకు 25 సెంట్లు, మనిషికి 25 సెంట్లు. అయితే ఒక కారుకు మొత్తం ఒక డాలరు మించదు.

ఆలోచన నిలిచింది గాని ఆ థియేటర్ నిలవలేదు. మూడేళ్లకు మించి అది నడవలేదు. పేటెంటు కూడా దక్కలేదు. నేలను వాలుగా మలచడం పేటెంటు ఇవ్వదగిన ఆవిష్కరణ కాదని 1949లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. అప్పటికే యుద్ధానంతర అమెరికాలో కార్లు, శివారు కాలనీలు పెరుగుతున్నాయి. 1950ల చివరికి డ్రైవ్-ఇన్‌ల సంఖ్య 4,000 దాటింది. ఆవిష్కర్తకు మాత్రం ఆ ఫలం అందలేదు.

3. రూపకల్పన

మంచి డ్రైవ్-ఇన్‌కు నాలుగు అంశాలు కీలకం.

అ) తెర దిశ: అస్తమించే సూర్యకాంతి తెరపై పడకూడదు. అందుకే తెర ముఖాన్ని సాధారణంగా తూర్పుకో ఉత్తరానికో ఉంచేవారు.

ఆ) వరుసలు: తెర చుట్టూ విల్లు ఆకారంలో వాలు వరుసలు ఉంటాయి. వాటి మధ్య సుమారు 40 అడుగుల ఎడం ఉంటే కార్లు తిరగడానికి వీలవుతుంది.

ఇ) శబ్దం: తొలి రోజుల్లో లౌడ్‌స్పీకర్లు తెర దగ్గరే ఉండేవి. వెనుక వరుసలకు మాట ఆలస్యంగా చేరేది. ఇరుగుపొరుగువారికి నిద్ర ఉండేది కాదు. 1940లలో కారు కిటికీకి తగిలించే చిన్న స్పీకర్లు వచ్చాకే ఈ ఇబ్బంది తొలగింది.

ఈ) ప్రవేశమార్గం: టికెట్టు కోసం ఆగిన కార్లు ప్రధాన రహదారిని మూసేయకుండా లోపలే పొడవైన దారి కావాలి.

4. లాభం లెక్క

ఇప్పుడు మీరే ఒక లెక్క వేయండి. ఒక కారుకు 9 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు అనుకుంటే 360 చదరపు అడుగులు అవుతుంది. కారులో నలుగురుంటే మనిషికి 90 చదరపు అడుగులు. మామూలు హాలులో కుర్చీకి 10 చదరపు అడుగులు చాలు అనుకుంటే, డ్రైవ్-ఇన్‌కు తొమ్మిది రెట్ల స్థలం కావాలి. పైగా హాలులో రోజుకు నాలుగు ఆటలు ఆడవచ్చు. డ్రైవ్-ఇన్‌లో చీకటి పడితే గాని తెర వెలగదు.

ఈ లోటును పూడ్చింది క్యాంటీన్. టికెట్టు డబ్బులో పంపిణీదారుకు వాటా పోతుంది. తినుబండారాల ఆదాయంలో అతనికి వాటా ఉండదు. అందుకే క్యాంటీన్‌ను మైదానం నడుమ కట్టేవారు, పిల్లలకు తెర కింద ఆటస్థలం పెట్టేవారు. కుటుంబం ముందుగా వస్తే అక్కడే భోజనం చేస్తుంది. కొందరు యజమానులు పగటిపూట అదే మైదానంలో పాత సామాను సంతలు నడిపారు.

5. పతనం

శివార్లు పెరిగేకొద్దీ భూమి ధర, ఆస్తి పన్ను పెరిగాయి. ఏడాదిలో కొన్ని నెలలు, రోజులో కొన్ని గంటలు మాత్రమే సంపాదించే స్థలాన్ని షాపింగ్ కేంద్రాలకు అమ్ముకోవడమే లాభసాటి అయింది. 1966 నాటి కాలమాన చట్టం తర్వాత వేసవిలో గడియారాన్ని గంట ముందుకు జరపడం దాదాపు దేశమంతటా అమలైంది. దాంతో ఆట మరింత ఆలస్యంగా మొదలై, పిల్లలున్న కుటుంబాలు తగ్గాయి. తర్వాత వీడియో క్యాసెట్లు వచ్చాయి. సినిమాపై ఇష్టం పోయి ప్రజలు డ్రైవ్-ఇన్‌ను వదిలేశారని మాత్రం అనుకోకండి. ఆ నేలకు అంతకంటే ఎక్కువ ఇచ్చే గిరాకీ దొరికింది.

6. భారతదేశ అనుభవం

అహ్మదాబాద్‌లో 1973లో సన్‌సెట్ డ్రైవ్-ఇన్ ప్రారంభమైంది. అప్పట్లో మన దేశంలో కార్లున్న కుటుంబాలు తక్కువ. అక్కడ కారు లేనివారు కూర్చోవడానికీ చోటు కల్పించారు. మన నేల టికెట్టుకు అది దగ్గరి చుట్టమే. ఆ రహదారికి డ్రైవ్-ఇన్ రోడ్డు అనే పేరు స్థిరపడింది. ముంబయిలో 2021లో వచ్చిన డ్రైవ్-ఇన్‌ను షాపింగ్ మాల్ పైకప్పు మీద ఏర్పాటు చేశారు. భూమి ఖరీదైన చోట నేలను వదిలి పైకెక్కక తప్పలేదు.

7. సారాంశం

హాలింగ్స్‌హెడ్ కంటికి తెర కనిపించే మార్గం కనుక్కున్నాడు. దాన్ని నిలబెట్టిన ఆదాయమార్గాలను తర్వాతివారు కనుక్కున్నారు. ఏ సాంకేతిక ఆవిష్కరణ చరిత్రను చదివినా యంత్రంతోపాటు దాని జమాఖర్చుల పుస్తకాన్నీ తెరిచి చూడండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. డ్రైవ్-ఇన్ లాభానికి క్యాంటీన్ ఎందుకు కీలకమైంది?
2. మీ ఊరి బైపాస్ రోడ్డు పక్కన పదెకరాలు ఉన్నాయనుకోండి. ఎకరా 43,560 చదరపు అడుగులు. తెరకు, దారులకు, క్యాంటీన్‌కు సగం స్థలం వదిలితే ఎన్ని కార్లు పడతాయి? అదే నేలను కౌలుకో దుకాణాలకో ఇస్తే వచ్చే ఆదాయంతో పోల్చి మీ నిర్ణయాన్ని పది వాక్యాల్లో సమర్థించండి.