పది రోజుల ఫుట్‌బాలు – ఒక లీగు కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని మన కార్యదర్శి గారు ఆదేశించారు. పే కమిషన్ల గురించి, డి.ఏ. బకాయిల గురించి రాయడానికి నాకంటే సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. రేణిగుంట జంక్షన్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ డ్యూటీ దిగాక నాకు ఇష్టమైన కాలక్షేపం ఫుట్‌బాలు. కనుక ఆ ఆటకు సంబంధించిన ఒక చిన్న చరిత్రను సభ్యుల ముందు ఉంచుతున్నాను. ఇది 2016లో చెన్నైలో మొదలైన ‘ప్రీమియర్ ఫుట్సల్’ అనే లీగు కథ.

మన గుంతకల్లు డివిజన్ 1977 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వేలో కలిసేదాకా మనం మద్రాసు కేంద్రంగా ఉన్న దక్షిణ రైల్వే వాళ్ళమే. అందుకే చెన్నైలో ఏది జరిగినా మనకు పక్క వీధి సంగతిలాగే ఉంటుంది.

ముందుగా ఫుట్సల్ అంటే ఏమిటో చెప్పాలి. 1930లో ఉరుగ్వే దేశపు మాంటెవీడియో నగరంలో హువాన్ కార్లోస్ సెరియానీ అనే ఉపాధ్యాయుడు వై.ఎం.సి.ఏ. కుర్రాళ్ళ కోసం ఈ ఆటను రూపొందించాడు. మొదటి ప్రపంచ కప్పును ఉరుగ్వే తన సొంతగడ్డపైనే గెలుచుకున్న సంవత్సరం అది. పిల్లలందరికీ ఫుట్‌బాలు పిచ్చి. బాస్కెట్‌బాల్ కోర్టు మీద ఆడించడానికి వీలుగా ఆయన నియమాలు రాశాడు. కోర్టు 40 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు ఉంటుంది. మన ప్యాసింజర్ బోగీలు రెండింటిని కలిపితే ఎంత పొడవో దాదాపు అంతే. జట్టుకు అయిదుగురు. బంతి చిన్నది, ఎక్కువగా ఎగరదు. ఆఫ్‌సైడ్ లేదు. ఆటగాళ్ళను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఫిఫా ఈ ఆటలో మొదటి ప్రపంచ పోటీని 1989లో నెదర్లాండ్స్‌లో జరిపితే బ్రెజిల్ గెలిచింది.

ఇక లీగు సంగతి. 2016 జులై 15 నుంచి 24 వరకు, అంటే సరిగ్గా పది రోజులు జరిగింది. మొదట చెన్నై జవహర్‌లాల్ నెహ్రూ ఇండోర్ స్టేడియంలో, తరువాత గోవాలో. చెన్నై, ముంబై, గోవా, కొచ్చి, కోల్‌కతా, బెంగళూరు పేర్లతో ఆరు జట్లు. పోర్చుగల్ మాజీ ఆటగాడు లూయిస్ ఫిగో అధ్యక్షుడు. ప్రచారానికి విరాట్ కోహ్లీ, పాటకు ఎ.ఆర్. రెహమాన్. ఆడడానికి వచ్చినవాళ్ళ పేర్లు వింటే ఫుట్‌బాలు తెలిసినవారికి ఒళ్ళు పులకరిస్తుంది. గోవాకు రొనాల్డినో, ముంబైకి ర్యాన్ గిగ్స్, బెంగళూరుకు పాల్ స్కోల్స్, కోల్‌కతాకు హెర్నాన్ క్రెస్పో, కొచ్చికి మిషెల్ సాల్గాడో, చెన్నైకి ఫుట్సల్ దిగ్గజం ఫల్కావ్.

ఇక్కడొక తమాషా గమనించాను. గిగ్స్‌కు అప్పటికి 42 ఏళ్ళు, స్కోల్స్‌కు, క్రెస్పోకు 41, సాల్గాడోకు 40. నలుగురూ అసలు ఆట నుంచి తప్పుకున్నవాళ్ళే. ఒక విధంగా మనలాగే విశ్రాంత ఉద్యోగులు!

జులై 17న గోవా జట్టు బెంగళూరును 7–2తో ఓడించింది. ఆ ఏడింటిలో అయిదు గోల్స్ రొనాల్డినోవే. మా ఇంట్లో మనవడు టీవీ ముందు నుంచి లేవలేదు. “తాతా, మళ్ళా ఎప్పుడు ఆడతాడు?” అని వాడి ప్రశ్న. రొనాల్డినో ఆ సీజన్‌లో మళ్ళీ ఆడనే లేదు. రెండే మ్యాచ్‌లు ఆడి స్వదేశం వెళ్ళిపోయాడు. అతని స్థానంలో బ్రెజిల్ మాజీ కెప్టెన్ కఫూ వచ్చాడు. ఫైనల్లో ముంబై పెనాల్టీ కిక్‌ల మీద కొచ్చిని ఓడించి కప్పు తీసుకుంది.

పిల్లవాడి ప్రశ్నలోనే లీగు భవిష్యత్తు ఉందని తరువాత అర్థమైంది. 2017లో రెండో సీజన్ ముంబై, బెంగళూరు, దుబాయ్‌లలో జరిగింది. గోవా, కోల్‌కతా జట్లు మాయమయ్యాయి. రొనాల్డినో ఢిల్లీ జట్టువాడయ్యాడు. ‘తెలుగు టైగర్స్’ అని మన పేరుతోనూ ఒక జట్టు వచ్చింది. కానీ తెలుగు నేల మీద దానికి ఒక్క ఆటా లేదు. మూడో సీజన్ అసలే జరగలేదు.

ఎందుకు నిలవలేదు? అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఈ లీగును గుర్తించలేదు. గుర్తింపు లేని పోటీలో ఆడడం నమోదైన ఆటగాళ్ళకు చిక్కే. అంతకంటే పెద్ద కారణం, నా దృష్టిలో, కింద పునాది లేకపోవడం. పేట పేటకూ జట్లు, ఏడాది పొడవునా పోటీలు, ఆటగాడికి స్థిరమైన జీవనం లేకుండా పైన ఎంత పెద్ద పేర్లు పెట్టినా అది పది రోజుల తిరునాళ్ళే. అమెరికాలో 1978లో మొదలైన మేజర్ ఇండోర్ సాకర్ లీగు కూడా 1992లో మూతపడింది. అయితే అది పద్నాలుగేళ్ళు నడిచింది, మనది రెండేళ్ళే.

దీనికి భిన్నమైన ఉదాహరణ మన శాఖలోనే ఉంది. పి.కె. బెనర్జీ 1955లో ఈస్టర్న్ రైల్వేలో చేరాడు. కలకత్తా పెద్ద క్లబ్బులకు వెళ్ళకుండా రైల్వే జట్టులోనే ఉండిపోయాడు. 1958లో ఆ జట్టు కలకత్తా లీగు గెలిచింది. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయనే భారత కెప్టెన్. ఆ జట్టులోనే ఉన్న సికింద్రాబాద్ వాడు తులసీదాస్ బలరాం 1963లో బి.ఎన్.ఆర్. రైల్వే జట్టుకు ఆడాడు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు రహీం సాబ్ శిక్షణలో 1950 నుంచి 1954 వరకు వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. వీళ్ళెవరికీ కోట్లు రాలేదు. కానీ నెల జీతం వచ్చింది, కాలు విరిగినా ఉద్యోగం ఉంది, చివర పెన్షన్ ఉంది. ఆ భరోసాతోనే ఇరవై ఏళ్ళ కుర్రవాడు ధైర్యంగా బంతి వెంట పరుగెత్తగలిగాడు.

అలాగని ఫుట్సల్‌ను తక్కువ చేయనక్కరలేదు. లీగు పోయినా ఆట మిగిలింది. సమాఖ్య 2021లో సొంతంగా ఫుట్సల్ క్లబ్ ఛాంపియన్‌షిప్ ప్రారంభించింది. 2023లో భారత జట్టు ఆసియా కప్ అర్హత పోటీలకు వెళ్ళింది. పెద్ద మైదానాలు కరువైన ఈ రోజుల్లో బోగీ రెండింతల స్థలంలో ఆడే ఆట పిల్లలకు వరమే. ఈసారైనా కింది నుంచి పైకి కడితే నిలుస్తుంది.

చివరగా సభ్యులకు ఒక మనవి. డివిజన్ జట్లలో ఏ ఆట ఆడినవారైనా సరే, తమ దగ్గరున్న పాత గ్రూపు ఫొటోలు, సర్టిఫికెట్లు పారవేయవద్దు. పేర్లు, సంవత్సరాలు ఫొటో వెనుక రాసి ఒక ప్రతిని సంఘం కార్యాలయానికి ఇవ్వండి. రెండేళ్ళ లీగుకు టీవీ సాక్ష్యం ఉంది. ఉద్యోగం చేస్తూ మైదానాల్లో ఆడిన మనవాళ్ళకు ఆ ఫొటోలు తప్ప వేరే సాక్ష్యం లేదు.