ఫ్లూయెంట్ అంటే అసలు అర్థం ఏంటి?



ఉద్యోగ ప్రకటనల్లో తరచుగా "ఇంగ్లిష్‌లో ఫ్లూయెంట్‌గా మాట్లాడగలగాలి" అనే లైను కనిపిస్తుంది. మనలో చాలామందిమి ఆ లైను చూసి అప్లికేషన్ పక్కన పెట్టేస్తాం. ఇంతగా భయపెట్టే ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూద్దాం.

పాతకాలం రోమ్ వాళ్ళ భాష లాటిన్. అందులో 'ఫ్లుయెరె' అంటే పారడం, 'ఫ్లుయెన్స్' అంటే పారుతున్నది. ఆ మాట 16వ శతాబ్దం చివర్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఒకప్పుడు పారే నీటికి, సాగే మాటకి రెండింటికీ వాడేవాళ్ళు. తర్వాత నీళ్ళ అర్థం వెనక్కి పోయి, మాట అర్థమే బాగా నిలబడింది.

దీని చుట్టాలు చాలానే ఉన్నాయి. రెండు నదులు కలిసే చోటు కాన్‌ఫ్లుయెన్స్. ఫ్యాక్టరీ బయటికి వదిలే మురుగునీరు ఎఫ్లుయెంట్. సంపద తమ వైపు పారి వచ్చినవాళ్ళు అఫ్లుయెంట్. నక్షత్రాల నుంచి మనుషుల మీదికి ఏదో శక్తి పారుతుందని యూరప్‌లో నమ్మేవాళ్ళు, దానికి పెట్టిన పేరే ఇన్‌ఫ్లుయెన్స్. ఇన్‌ఫ్లుయెంజా జ్వరం పేరు కూడా ఇటలీ భాషలో ఆ నమ్మకం నుంచే పుట్టింది. అయితే ఇంగ్లిష్‌లో 'ఫ్లో' అనే మాట మాత్రం ఈ కుటుంబానిది కాదు. పోలిక ఉన్నా దాని మూలం వేరు.

తెలుగులో దీనికి 'ధారాళంగా' అంటాం. అందులోనూ ధార ఉంది, అంటే నీళ్ళే. ఇంకో మాట 'అనర్గళంగా'. అర్గళం అంటే తలుపు గడియ. గడియ లేకుండా, అడ్డు లేకుండా వచ్చే మాట అన్నమాట.

ఇప్పుడు గమనించండి. ఈ మాటల్లో ఎక్కడా 'తప్పు లేకుండా' అని లేదు, 'దొరల యాసలో' అని అసలే లేదు. చెప్పాలనుకున్నది ఆగకుండా చెప్పగలగడం, అంతే.

మరి ఉద్యోగానికీ ఇంగ్లిష్‌కీ ముడి ఎప్పుడు పడింది? 1835లో గవర్నర్ జనరల్ బెంటింక్, మెకాలే వాదన విని, ప్రభుత్వ చదువుల డబ్బు ఇంగ్లిష్ చదువుకే పెట్టాలని నిర్ణయించాడు. 1844లో హార్డింజ్, ఇంగ్లిష్ చదువుకున్నవాళ్ళకి సర్కారు కొలువుల్లో ముందు చోటు ఇస్తామన్నాడు. అంటే ఈరోజు ప్రకటనలో ఆ లైను వెనక 180 ఏళ్ళ చరిత్ర ఉంది. అది మన తెలివిని కొలవడానికి పుట్టింది కాదు.

జైపాల్ సింగ్ ముండా గారిని తీసుకోండి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు, 1928 ఒలింపిక్స్‌లో మన హాకీ జట్టు కెప్టెన్. రాజ్యాంగ సభలో ఇంగ్లిష్‌లోనే గట్టిగా మాట్లాడారు. ఆ ఇంగ్లిష్‌ని దేనికి వాడారో చూడండి: 1949లో ముండారీ, గోండి, ఒరావ్ భాషల్ని రాజ్యాంగం భాషల జాబితాలో చేర్చాలని అడిగారు. సభ ఒప్పుకోలేదు. సంతాలీ, బోడో భాషలకి 2003లో చోటు దొరికింది. 2011 జనాభా లెక్కల్లో 29 లక్షల మందికి పైగా తమ మాతృభాషగా చెప్పిన గోండికి మాత్రం 8వ షెడ్యూల్‌లో ఇంకా చోటు రాలేదు.

ఇంట్లో గోండి, కోయ, సవర, కువి, లంబాడీ మాట్లాడి, సంతలో తెలుగు మాట్లాడి, బడిలో ఇంగ్లిష్ చదివే పిల్లవాడు మూడు భాషల్లో నడుస్తున్నాడు. అయినా మూడో దాంట్లో తడబడితే 'వీడికి మాట రాదు' అంటారు. ఇది న్యాయమా?

ఇంగ్లిష్ నేర్చుకుందాం, తప్పదు. రోజూ మాట్లాడితేనే ధార వస్తుంది, తప్పులొస్తే రానివ్వండి. బయోడేటాలో 'తెలిసిన భాషలు' అన్న చోట మాత్రం ముందు మీ అమ్మ భాష రాయండి, పక్కన 'ఫ్లూయెంట్' అని రాయండి. అది నిజం కాబట్టి.